అవ్వ తినని రొట్టె

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సొంత చెరుకుకు నిప్పు పెట్టుకోవడాన్ని ఎవరూ పాపం అనుకునేవాళ్ళు కాదు, తెలివి అనుకునేవాళ్ళు. ఎడపల్లి దగ్గర మా ఊరు. అప్పట్లో చుట్టూ ఎటు చూసినా చెరుకే. కోతలు మొదలయ్యాయంటే బోధన్ రోడ్డు పొడుగునా ఎడ్లబండ్లు బారులు తీరేవి. చెరుకు మనదే అయినా ఎప్పుడు నరకాలో చెప్పేది మాత్రం ఫ్యాక్టరీ. కటింగ్ ఆర్డర్ అనే కాగితం వరుస ప్రకారం వచ్చేది. మా వరుస వచ్చేసరికి ఒక్కో ఏడు చెరుకు పూతకొచ్చి, గడలు బెండుబారి, బరువు సగానికి సగం పడిపోయేది.

కాలిన చెరుకు సంగతి వేరు. అది ఆగదు. మూడు నాలుగు రోజుల్లో గానుగలో పడకపోతే రసం పులిసిపోతుంది. అందుకని కాలిన చేనుకు వరుసతో పని లేకుండా ముందే ఆర్డర్ ఇచ్చేవాళ్ళు. ఇక రైతులు ఏం చేసేవాళ్ళో నేను చెప్పాలా? ఏటా రెండు మూడు చేలు వాటంతటవే అంటుకునేవి. కావాలని పెట్టినట్టు ఫ్యాక్టరీవాళ్ళకు తెలిస్తే తీసుకోరు కాబట్టి ఎవరూ చూడకుండా పెట్టాలి, అంతే. ఊరంతా లోపల్లోపల నవ్వుకునేది.

మాది క్రైస్తవుల ఇల్లు. మూడెకరాల చెరుకు, రెండు ఎడ్లు, రేకుల కప్పు. మా బాపు చర్చిలో సంఘ పెద్ద. తెల్లచొక్కా వేసుకుని ప్రార్థనకు లేచి నిలబడితే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు, అంత బాగా ప్రార్థన చేసేవాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఉండకపోతే బాగుండును.

బాపు తల్లిని మేమందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ బైబిలు కథలన్నీ నోటికి వచ్చు. చిన్నతనంలో ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఆడవాళ్ళ వెంట తిరిగి నేర్చుకుందట. సాయంత్రం పూట చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ నాకు ఒక్కో కథ చెప్పేది. వాటిలో నన్ను బాగా భయపెట్టింది ఒకటుంది. యుద్ధంలో గెలిచిన ఊళ్ళో ఏదీ ముట్టుకోవద్దని దేవుడు చెబితే, ఒకడు మంచి బట్ట, ఇంత వెండి, ఇంత బంగారం దొంగిలించి తన గుడారంలో నేల తవ్వి పాతిపెడతాడు. ఎవరూ చూడలేదు. కానీ ఆ తర్వాతి యుద్ధంలో జనమంతా ఓడిపోతారు. ఎవడు చేశాడని వెతుకుతూ గోత్రం తర్వాత గోత్రం, ఇల్లు తర్వాత ఇల్లు నిలబెట్టి చివరికి వాడి దగ్గరికే వస్తారు. వాణ్ణి, వాడి కొడుకుల్ని, కూతుళ్ళని, గొడ్లని, గుడారాన్ని కూడా ఊరవతలికి తీసుకుపోయి రాళ్ళతో కొట్టి కాల్చేస్తారు.

"కూతుళ్ళను గూడనా?" అని అడిగాను. అవ్వ తల ఊపి, బియ్యంలో మరో రాయి ఏరి పారేసింది.

మా చేనుకు ఒక కావలివాడు ఉండేవాడు. రెంజల్ అవతలి నుంచి వచ్చి మా ఊరి చివర గుడిసె వేసుకున్నాడు. మాటలో సగం మరాఠీ దొర్లేది. నేను ఆయన్ని కావలి మామ అనేదాన్ని. చేనుకు వెళితే మంచి గడ ఒకటి చూసి విరిచి, చెక్కు తీసి, చిన్న చిన్న ముక్కలు చేసి నా గౌను ఒడిలో పోసేవాడు. ఆయన కూతురు నాకన్నా రెండేళ్ళు పెద్దది, గట్ల మీద మేకలు కాసేది. ఆ ముక్కలు ఇద్దరం పంచుకునేవాళ్ళం. కావలి మామకు ఉన్న ఒకే ఒక చెడ్డ అలవాటు బీడీ. అయితే చెరుకులో బీడీ అంటే ఏమిటో తెలిసినవాడు. కాలువ గట్టు మీదే కూర్చుని తాగి, ముక్కను నీళ్ళలో ముంచి, చితికి, అప్పుడు పడేసేవాడు. అది నేను వందసార్లు చూశాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు మా ఆర్డర్ ఎంతకూ రాలేదు. ఒక శనివారం మధ్యాహ్నం అమ్మ నాకు సద్దిగిన్నె ఇచ్చి బాపుకు ఇచ్చి రమ్మంది. కావలి మామ అన్నానికి ఇంటికి వెళ్ళే వేళ అది. ఎండగా ఉందని నేను గట్టు మీదుగా కాకుండా చెరుకు సాళ్ళ మధ్య నీడలో నడిచాను. చివరికి వచ్చేసరికి బాపు వీపు కనబడింది. ఎండుటాకు కుప్ప మీద సీసాలోంచి ఏదో పోస్తున్నాడు. బాపూ అని పిలవబోయాను. అంతలో ఆయన అగ్గిపుల్ల తీసి, గీసే ముందు నాలుగు దిక్కులూ చూశాడు. ఆ చూపు చూసి నిలబడ్డచోటే సాలులో కూర్చుండిపోయాను. చిటపటలు మొదలయ్యాక గిన్నె అక్కడే వదిలి ఊరివైపు పరుగెత్తాను.

బాపు అనుకున్నది తన మూడెకరాలే. మధ్యలో వెడల్పాటి గట్టు, పక్కన నీటి కాలువ ఉన్నాయి, అక్కడ ఆగుతుందనుకున్నాడు. గాలి తిరుగుతుందని అనుకోలేదు. మంట గట్టు దాటి పక్క చేను కాపాయన మడిలో పడింది. అక్కడ తుమ్మచెట్టు కింద ఆయన లేగదూడ కట్టేసి ఉంది. జనం తడి గోనెసంచులు, పచ్చి కొమ్మలు పట్టుకుని పరుగెత్తారు గానీ దూడ దగ్గరికి ఎవరూ వెళ్ళలేకపోయారు. దాని అరుపు నేను ఊరి మొదట్లో నిలబడి విన్నాను. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

చెరుకు కాలితే నవ్వుకునే ఊరు దూడ కాలితే నవ్వలేదు. మంట ఆరాక అందరూ చేను దగ్గరే గుమిగూడారు. కాపాయన మసి పట్టిన ముఖంతో వచ్చి ఎవడు పెట్టిండో చెప్పమని కేకలు వేశాడు. మా బాపు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఎవరి పేరూ చెప్పలేదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకుంటాను. గుంపులోంచి ఎవరో "కావలోడు బీడీ తాగుతడు గద" అన్నారు. అందరి తలలూ ఒక్కసారి కావలి మామ వైపు తిరిగాయి.

అన్నం తింటున్న చేత్తోనే పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, వేళ్ళకు ఇంకా మెతుకులు ఉన్నాయి. "తాగిన. తాగిన మాట అబద్దం కాదు. కాల్వల ముంచి పడేసిన. దేవుని సాచ్చిగ ముంచిన," అన్నాడు.

అప్పుడు మా బాపు తల ఎత్తాడు. కోపం లేదు, కేక లేదు. ప్రార్థన చేసే గొంతుతోనే అన్నాడు.

"మంచిగ యాది చేస్కో."

కావలి మామ ఆయన వైపు చూశాడు. పదేళ్ళుగా తనకు బువ్వ పెట్టిన మనిషి, దేవుడి పని చేసే మనిషి అడుగుతున్నాడు. ఆ ముఖంలో తడబాటు మొదలవడం నేను చూశాను. "ముంచిన... ముంచిననే అనుకుంట," అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆయన పని అయిపోయింది. కాపాయన కావలి మామ చెంపలు వాయించాడు. ఎవరూ ఆపలేదు. నా గౌను నిండా చెరుకు ముక్కలు పోసిన మనిషిని కొడుతుంటే నేను అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. నేను చెబితే ఏమవుతుంది? ఇల్లు తర్వాత ఇల్లు వెతుక్కుంటూ మా ఇంటికి వస్తారు. బాపును, అమ్మను, నన్ను, ఎడ్లను ఊరవతలికి తీసుకుపోతారు. తప్పు దాచొద్దని అవ్వ చెప్పిన కథ నాకు నేర్పింది దాచిపెట్టడమే.

ఆ సాయంత్రం బాపు విప్పిన ధోతి ఉతకడానికి అవ్వ బావి దగ్గర కూర్చుంది. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. ధోతిని నీళ్ళలో ముంచబోయి ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుంది. మసి వాసన అందరి బట్టలకూ ఉంది. కిరోసిన్ వాసన ఆ ధోతికి మాత్రమే ఉంది. నా వైపు చూసి, సద్ది బాపుకు ఇచ్చినవా అని అడిగింది. ఇయ్యలేదన్నాను. ఎందుకని అడిగింది. నేను ఏడ్చాను. ఆమె ధోతికి సబ్బు పెట్టి మూడుసార్లు ఉతికింది.

మరునాడు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల అని చర్చిలో రొట్టె పంచే రోజు. పాస్టరు అయ్యగారు సైకిల్ మీద వచ్చి ఆరాధన చేశారు. చాటుగా చేసింది ఏదీ చాటుగా ఉండిపోదని, మనుషుల కళ్ళు కప్పొచ్చు గాని దేవుడి కళ్ళు కప్పలేమని ఆయన చెబుతుంటే మా బాపు ముందు వరుసలో కూర్చుని తల ఊపుతున్నాడు. అప్పుడు గుమ్మం దగ్గర అలికిడైంది. కావలి మామ. ఆయనది మా మతం కాదు, ఎన్నడూ లోపలికి వచ్చినవాడు కాదు. చెప్పులు బయట విడిచి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నా చేతులతోని ఒక జీవి పోయింది. మీ దేవుడు మాఫ్ చేస్తడంటరు గద. జర నాకోసం అడుగుండ్రి," అన్నాడు.

రాత్రికి రాత్రి ఆయన నమ్మేశాడు. చేయని పనిని తనే చేశానని నమ్మేశాడు. బాపు లేచి వెళ్ళి ఆయన తల మీద చేయి పెట్టాడు. క్షమించమని, ఈ తెలియని మనిషిని కనికరించమని దేవుణ్ణి అడిగాడు. తను కూడా క్షమిస్తున్నానని అందరూ వినేలా అన్నాడు. చర్చిలో ఏడవనివాళ్ళు లేరు. సంఘ పెద్ద అంటే ఇట్లా ఉండాలని అయ్యగారే అన్నారు. ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తర్వాత రొట్టె పంచారు. మా చర్చిలో అందరం చాపల మీద కూర్చునేవాళ్ళం. అయ్యగారు రొట్టె విరిచి పళ్ళెంలో పెడితే, సంఘ పెద్ద ఆ పళ్ళెం పట్టుకుని వరుసగా వస్తూ ఒక్కొక్కరి నోట్లో చిన్న ముక్క పెట్టేవాడు. మనసులో పగ గానీ, ఒప్పుకోని తప్పు గానీ ఉన్నవాళ్ళు తీసుకోకూడదని కట్టుబాటు. ఎవరైనా తీసుకోలేదంటే ఆ వారమంతా ఊళ్ళో అదే ముచ్చట. బాపు ఆడవాళ్ళ వరుసలోకి వచ్చి అవ్వ ముందు వంగాడు. అవ్వ నోరు తెరవలేదు. బాపు ముక్క పట్టుకుని అట్లాగే ఉన్నాడు. "అవ్వా," అన్నాడు మెల్లగా. ఆమె కొడుకు ముఖంలోకి చూసింది గాని పెదవులు విప్పలేదు. చివరికి ఆ ముక్క పక్కామె నోట్లో పెట్టి ముందుకు పోయాడు.

ఊరికి అర్థమైంది ఒకటే, ముసలామె ఏదో పాపం చేసింది. కోడలికి ఏం చేసిందో అన్నవాళ్ళు కొందరు, చిన్నప్పటిదేదో ఇప్పుడు బయటపడి ఉంటుందన్నవాళ్ళు కొందరు. మా అమ్మ తనను సాధించడానికే ఇట్లా చేస్తోందని వారం రోజులు ఏడ్చింది. అయ్యగారు పని కట్టుకుని వచ్చి మంచం మీద కూర్చుని, ఏదైనా ఉంటే ఒప్పుకోమని నచ్చజెప్పారు. అవ్వ తల దించుకుని, "ఉన్నదయ్యా. ఒప్పుకునే ధైర్యం లేదు," అంది. ఆయన ఆమె కోసం ప్రార్థన చేసి వెళ్ళారు. బాపు పక్కనే నిలబడి ఆమేన్ అన్నాడు.

అయ్యగారు వెళ్ళాక నేను అవ్వ పక్కన చేరి, దేవుడు చూసిండా అని అడిగాను.

"నువ్వు చూసినవ్. నేను వాసన వట్టిన. ఇంక దేవుడు వేరెగ సూసుడేందే," అంది.

"మరి చెప్తవా?"

"నోరు వస్తలేదే బిడ్డా. కడుపుల పుట్టినోడు."

నేను అప్పుడు నా భయం బయటపెట్టాను. చెబితే మనల్ని గూడ రాళ్ళతోని కొడుతరా అని అడిగాను. అవ్వ చేతిలో చాట కింద పెట్టి నా ముఖం రెండు చేతులతో పట్టుకుంది. నేను ఎందుకు నోరు మూసుకున్నానో ఆమెకు అప్పుడు తెలిసింది. గా కథ నీకెందుకు చెప్పిన్నే అంటూ తల కొట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆమె నాకు ఏ కథా చెప్పలేదు.

కావలి మామను మళ్ళీ ఎవరూ కావలికి పెట్టుకోలేదు. ఒక్క వారంలో గుడిసె విప్పి, పెళ్ళాన్ని, పిల్లను, మేకలను తోలుకుని రెంజల్ వైపు వెళ్ళిపోయాడు. మా కాలిన చెరుకు మాత్రం మూడో రోజుకల్లా ఫ్యాక్టరీకి చేరింది.

దేవుడి తీర్పు కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో! బాపుకు జ్వరం వస్తే ఇదే కాబోలు అనుకునేదాన్ని. ఉరుములు ఉరిమితే ఆయన పక్కనుంచి లేచి దూరంగా వెళ్ళేదాన్ని. ఏమీ కాలేదు. రేకులు పోయి డాబా వచ్చింది. ఎనభై దాటి బతికి, నిద్రలోనే పోయాడు. ఆయన మంచితనం గురించి సమాధి దగ్గర ముగ్గురు అయ్యగార్లు మాట్లాడారు. ఆయనకు శిక్ష అంటూ ఏదైనా ఉంటే అది నెలకోసారి అవ్వ ముందు వంగి నిలబడడమే. పళ్ళెం ఇంకొకరికి ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. ఆమె చనిపోయేదాకా పదకొండేళ్ళు ప్రతి నెలా ఆ ముక్క ఆమె పెదవుల ముందు పెట్టేవాడు. ప్రతి నెలా ఆమె నోరు మూసుకునేది.

చాలా కాలం నేను అవ్వను మనసులో పూజించాను. ఆమెను అంతగా ప్రేమించినదాన్ని కాబట్టే ఇప్పుడు ఈ మాట అనగలుగుతున్నాను. అవ్వ రొట్టె తిననందువల్ల కావలి మామ గుడిసె నిలబడలేదు. ఆమె నోరు తెరవాల్సింది రొట్టె కోసం కాదు. ఇక నా సంగతి అంతకన్నా అధ్వానం. పదిహేనేళ్ళకు నాకు కూడా బల్లలో చేరే అర్హత ఇచ్చారు. తెల్లచీర కట్టుకుని కూర్చున్నాను. బాపు నా ముందుకు వచ్చి వంగాడు. పక్కన అవ్వ నన్నే చూస్తోంది. నేను నోరు తెరిచాను. తిన్నాను.

తర్వాత నర్సు ట్రైనింగ్ అయి నిజామాబాద్‌లో ఉద్యోగం, అక్కడే సంసారం. ఒకసారి ఊరికి వెళితే అమ్మ మాటల్లో మాటగా మన కావలోడు పోయిండట అంది. అప్పుడు నాకు ముప్పై ఒకటి. డ్యూటీకి టైమవుతోందని బస్సెక్కేశాను.

పోయిన ఏడు, ఇక చెప్పకపోతే చెప్పకుండానే పోతానేమోనని భయం పట్టుకుంది. ఆయన కూతుర్ని వెతుక్కుంటూ రెంజల్ దాటి వెళ్ళాను. ఆ దారిలో ఇప్పుడు చెరుకు లేదు, అంతా వరి. ఆమె వాకిట్లో కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. మా బాపు ఎట్లున్నాడో కావలి మామ చివరిదాకా అడిగేవాడని, పెద్ద మనసుతో మాఫ్ చేసిన మనిషని చెప్పుకునేవాడని తనే అంది. "గా దినం సంది బీడీ ముట్టలే. నేను చుట్టినవి గూడ ఇంట్ల కనవడొద్దనేటోడు," అంది.

నేను అప్పుడు చెప్పాను. సీసా, అగ్గిపుల్ల, నాలుగు దిక్కులూ చూసిన చూపు, అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో వేసింది.

"నువ్వు సూసిననాడు నీకెన్నేండ్లు?"

తొమ్మిది అన్నాను.

"మా బాపు పోయిననాడు?"

ముప్పై ఒకటి అన్నాను. ఆమె తల ఊపి ఇంకో ఆకు తీసుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను లేచి వచ్చేశాను.

బాపు మీద పడుతుందని నేను చిన్నప్పటినుంచి ఆకాశం వైపు చూస్తూ ఎదురుచూసిన తీర్పు ఆ వాకిట్లో నా మీద పడింది. ఆ రెండు ప్రశ్నలే ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి. పోయిన నెల మా చర్చిలో పళ్ళెం నా ముందుకు వచ్చినప్పుడు నేను నోరు తెరవలేదు. పక్కామె నా వైపు అదోలా చూసింది. వెనక ఇద్దరు గుసగుసలాడుకున్నారు. ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా అక్కడే కూర్చున్నాను, ఎవరైనా ఎందుకని అడిగితే మొత్తం చెప్పేద్దామని. ఎవరూ అడగలేదు. అందుకే ఇది రాశాను.